నెలగంట నుంచి భోగి దాకా వంటిల్లు సర్దుకుందాం



ధనుర్మాసం వస్తోంది. ఇంకో నాలుగు రోజుల్లో నెలగంట పెడతారు. అక్కడి నుంచి భోగి దాకా సుమారు 29 రోజులు. ఈ రోజుల్లో మన ఇళ్ళలో జరిగే పనులు మీకు నేను చెప్పనక్కర్లేదు. సున్నాలు వేయడం, బూజులు దులపడం, అటక మీది సామాన్లు దించి తోమడం. నా చిన్నతనంలో నగరి దగ్గర మా పల్లెలో ఇత్తడి, కంచు సామానంతా ఒకరోజు వాకిట్లోకి చేరేది. మా అమ్మా, పిన్నమ్మా చింతపండూ ఇటుకపొడీ పెట్టి తోముతుంటే పిల్లలం బావి దగ్గర్నుంచి నీళ్ళు మోసేవాళ్ళం. మధ్యాహ్నానికి వాకిలంతా మెరిసిపోయేది. సాయంకాలానికి ఎక్కడివక్కడికి చేరేవి. ఎవరూ విసుక్కున్నట్టు నాకు గుర్తు లేదు. వాకిలి ఉంది, కొట్టుగది ఉంది, పనికి నలుగురు మనుషులున్నారు.

ఇప్పుడు మేముండేది చెన్నైలో, పెరంబూరులో, రెండో అంతస్తులో. మా వంటిల్లు వెడల్పు ఆరడుగులు, పొడవు తొమ్మిదడుగులు. వాకిలీ లేదు, కొట్టుగదీ లేదు. సామాను మాత్రం పల్లెలో ఉన్నంతా ఉంది. పైగా పట్నం సామాను వచ్చి చేరింది. మీలో చాలామంది ఇళ్ళలోనూ ఇదే పరిస్థితి ఉంటుందనుకుంటాను. తిరుపతిలో ఉన్నా, తిరుత్తణిలో ఉన్నా, హోసూరులో ఉన్నా ఇళ్ళు చిన్నవవుతున్నాయి, అలమరలు నిండిపోతున్నాయి. వంటిల్లు సర్దాలి అనుకోగానే నడుం నొప్పి గుర్తొస్తుంది. ఆ పనిని నడుం విరగకుండా, ఇంట్లో ఎవరి మనసూ విరగకుండా ఎలా చేసుకోవచ్చో ఈ పూట మాట్లాడుకుందాం. నేను చేసిన పొరపాటు కూడా దాచకుండా చెబుతాను.

మొదట, ఇంత సామాను ఎలా చేరుతుందో చూద్దాం. ఒక ఆదివారం మా అబ్బాయీ నేనూ కూర్చుని మా వంటింట్లో వస్తువులు లెక్కపెట్టాం. గరిటెలు 19 తేలాయి. రోజూ చేతిలోకి వచ్చేవి నాలుగే. మూతల్లేని డబ్బాలు 14, డబ్బాల్లేని మూతలు 11. ఏ మూతా ఏ డబ్బాకీ సరిపోదు. ఫలహారశాల నుంచి వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలు మరో సంచెడు. ఇవన్నీ మేమేమీ కోరి కొన్నవి కావు. ఎప్పుడైనా పనికొస్తుందిలే అని ఉంచినవి.

రెండోది, కానుకలు. మన వైపు పెళ్ళికీ, సీమంతానికీ, గృహప్రవేశానికీ పాత్రలిచ్చే ఆచారం ఉంది. చెన్నైలో స్టీలును ఎవర్‌సిల్వర్ అంటారు. రంగనాథన్ వీధిలో పాత్రల అంగడికి వెళ్ళి గిన్నె కొంటే, దాని మీద ఇచ్చేవారి పేరు, తేదీ, శుభకార్యం పేరు చెక్కి ఇస్తారు. పేరున్న గిన్నెను ఎవరికీ ఇవ్వలేం, అమ్మలేం. ఆవిడ ఇంటికొచ్చి నా గిన్నె ఏదీ అని చూస్తే? ఆ మొహమాటంతో ఒకదానిలో ఒకటి దూర్చి అటకెక్కిస్తాం.

మూడోది చెన్నైకి ప్రత్యేకమైనది. అవి నీళ్ళ బిందెలు. ఈ నగరం నీళ్ళ కోసం పడిన పాట్లు మీకు కొత్త కాదు. 1983లో రెండు రాష్ట్రాలూ తెలుగుగంగ ఒప్పందం చేసుకుంటే, మన నెల్లూరు జిల్లా కండలేరు నుంచి 150 కిలోమీటర్లకు పైగా కాలువలో ప్రయాణించి కృష్ణమ్మ పూండి జలాశయం చేరింది 1996లో. అయినా 2019 ఎండాకాలంలో పూండి, చోళవరం, ఎర్రకొండల చెరువు, చెంబరంబాక్కం నాలుగూ దాదాపు అడుగంటాయి. ఆ జూలైలో జోలార్‌పేట నుంచి విల్లివాక్కానికి రైలు వ్యాగన్లలో నీళ్ళు తెచ్చారు. ఒక్కో రైలుకు 25 లక్షల లీటర్లు. ఆ రోజుల్లో లారీ వచ్చిందంటే ఇంట్లో ఉన్న ప్రతి బిందే, బక్కెట్టూ, ప్రెషర్ కుక్కరు గిన్నె కూడా వీధిలో వరుసలో నిలబడింది. ఆ ఎండాకాలం చూసిన ఇల్లాలు బిందెను పారేయదు. పగిలిన బిందెను కూడా బియ్యం పోసుకోవచ్చు అని ఉంచుతుంది. దాన్ని పిసినారితనం అనకూడదు. పడిన కష్టం నేర్పిన జాగ్రత్త అది. అందుకే వంటిల్లు సర్దడమంటే పారేయడమే అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇక నా పొరపాటు సంగతి.

2017 దీపావళికి ముందు, మురుకులు కాల్చడానికి పెద్ద మూకుడు కావాలని మా అత్తగారు ప్లాస్టిక్ స్టూలు ఎక్కి అటక మీదికి చెయ్యి చాచారు. అప్పటికి ఆవిడకు 70 ఏళ్ళు. నేను బడిలో ఉన్నాను. మూకుడు మీద తపేలా, తపేలా మీద ఇంకోటి. లాగేసరికి స్టూలు జారింది. కుడి మణికట్టు ఎముక విరిగింది. చెన్నైలోనే ఆసుపత్రిలో కట్టు వేయించి, విశ్రాంతికి పుత్తూరులో మా ఆడపడుచు ఇంటికి పంపాం. పుత్తూరు అనగానే మీకు ఎముకల కట్టు గుర్తొచ్చి ఉంటుంది. మా బంధువులూ అలాగే అనుకున్నారు. ఆవిడ వెళ్ళింది మాత్రం కూతురి చేతి అన్నం తినడానికే.

ఆవిడ లేని ఆ ఆరు వారాల్లో నాకొక పట్టుదల వచ్చింది. ఈ అటక వల్లే కదా ఇంత జరిగింది, ఇది ఖాళీ చేసేయాలి అని. ఒక ఆదివారం ఉదయం ఆరింటికి మొదలుపెట్టి రాత్రి తొమ్మిదింటికి ముగించాను. ఇత్తడి సామాను 14 కిలోలు తేలింది. వీధిలో వచ్చే పాతసామాన్లతనికి తూకానికి వేసేశాను. వచ్చిన డబ్బుతో ఒకే కొలత డబ్బాలు రెండు డజన్లు కొన్నాను. వరుసగా పేర్చి, పేర్లు రాసి అతికించి, దూరంగా నిలబడి చూసుకుని మురిసిపోయాను.

అత్తగారు తిరిగి వచ్చారు. వంటిల్లంతా చూసి, "బాగుందమ్మా" అన్నారు. కాఫీ తాగిన తర్వాత మెల్లగా అడిగారు.

"పెద్ద తపేలాలో ఉగ్గుగిన్నె ఒకటి గుడ్డలో చుట్టి పెట్టినాను. అది తీసి ఎక్కడ పెట్టినావు?"

నేను ఆ తపేలా మూత తీసి చూడనేలేదు. ఆ ఉగ్గుగిన్నె ఆవిడకు పుట్టింటివారిచ్చింది. మా ఆయనకూ, ఆయన చెల్లెలికీ, తర్వాత మా అబ్బాయికీ దానితోనే ఉగ్గు పోశారు. మా అబ్బాయికి పోసింది నేనే, నా చేత్తోనే. అదే నేను మరిచిపోయాను. అతని కోసం పరుగెత్తాను. పాపం, అతను సంచులన్నీ తిరగేసి చూపించాడు. సామాను ఎప్పుడో కరిగించే చోటికి వెళ్ళిపోయింది.

అత్తగారు నన్ను ఒక్క మాట అనలేదు. కానీ నాలుగు రోజులు వంటింట్లో అడుగుపెట్టలేదు. ముందుగదిలో కూర్చుని, "కాస్త కాఫీ ఇస్తావా అమ్మా" అని అడిగేవారు, మన ఇంటికి వచ్చిన చుట్టం అడిగినట్టు. అత్తగారు నాలుగు మాటలన్నా ఇంత బాధ ఉండేది కాదు.

ఆ నాలుగు రోజుల్లో నాకు బోధపడిన సంగతులు మూడు. ఒకరి వస్తువు ఉండాలో పోవాలో వాళ్ళే చెప్పాలి, వాళ్ళు ఎదురుగా ఉన్నప్పుడే. రెండు, ఒక్కరోజులో అంతా ముగించాలనుకుంటే సాయంకాలానికి కళ్ళు చూడడం మానేస్తాయి, చేతులు విసరడమే నేర్చుకుంటాయి. మూడు, మూత తీయకుండా ఏ పాత్రనూ గడప దాటించకూడదు.

సరే, మరి ఎలా చేయాలి? ఆ ధనుర్మాసంలోనే అత్తగారిని బతిమాలి, మళ్ళీ మొదటి నుంచి చేశాం. వంటింటి గుమ్మంలో ఆవిడకు కుర్చీ వేశాం. నిర్ణయం ఆవిడది, ఎత్తడం దించడం నాది, పుస్తకంలో రాయడం మా అబ్బాయిది. ఆ పద్ధతే మీకు చెబుతాను.

రోజుకు ఒక్క అర. ఇరవై నిమిషాలు, లేదా రేడియోలో ఒక పాటల కార్యక్రమం ముగిసేంత సేపు. ఈ అర సర్ది మూసేదాకా ఇంకో అర తెరవకూడదు. అన్నీ ఒకేసారి నేల మీద పరిస్తే, మధ్యలో చుట్టాలొచ్చినా, కరెంటు పోయినా, రాత్రి వంటకు చోటుండదు. ఒక్క అరే అయితే ఎప్పుడు ఆపినా ఇల్లు ఇల్లులాగే ఉంటుంది. 29 రోజుల్లో ఏడెనిమిది రోజులు జ్వరాలకీ, పెళ్ళిళ్ళకీ పోయినా ఇరవై అరలు పూర్తవుతాయి. మామూలు వంటింట్లో అంతకన్నా ఎక్కువ అరలుండవు.

అరలోని వస్తువులన్నీ తీసి, తుడిచి, నాలుగు కుప్పలు చేయండి. రోజూ వాడేవి. వారానికో నెలకో వాడేవి. పండక్కీ పబ్బానికీ వాడేవి. ఈ ఇంట్లో ఇక పని లేనివి. ఎటూ తేలని వస్తువులు కొన్ని ఉంటాయి. వాటితో పోట్లాడకండి. ఒక అట్టపెట్టెలో వేసి, తేదీ రాసి పక్కన పెట్టండి. వచ్చే ఉగాది దాకా ఆ పెట్టె తెరవాల్సిన పని పడలేదంటే, అప్పుడు ఇంట్లో అందరినీ అడిగి ఇచ్చేయవచ్చు.

వరుస కూడా ముఖ్యం. జ్ఞాపకాలున్న వస్తువులతో మొదలుపెట్టకండి. మొదటి వారం జతలేని మూతలు, విరిగిన గరిటెలు, పొడిబారిన స్పాంజీలు, చీలిన ప్లాస్టిక్ డబ్బాలు. వీటికోసం ఎవరూ కన్నీళ్ళు పెట్టుకోరు. రెండో వారం తినుబండారాలు. మూడో వారం రోజువారీ గిన్నెలు. అటకా, అమ్మమ్మల ఇత్తడీ చివరి వారం. అప్పటికి చెయ్యి తిరుగుతుంది, ఇంట్లోవాళ్ళకు మీ మీద నమ్మకమూ కుదురుతుంది.

తినుబండారాల దగ్గర కాసేపు ఆగుదాం. మన పెద్దలు ఏడాదికి సరిపడా కందిపప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు నిలవ చేసేవారు. ఎండ బాగా కాసే ఊళ్ళూ, విశాలమైన కొట్టుగదులూ వాళ్ళవి. చెన్నైలో సముద్రపు గాలికి ఉప్పు నీరుకారుతుంది, పప్పుకు పురుగు పడుతుంది. అంగడి వీధి చివరే ఉన్నప్పుడు నెలకు సరిపడా తెచ్చుకుంటే చాలు. కొత్త సరుకు రాగానే పాతదాని మీద పోయకండి. పాతది ఒక పళ్ళెంలోకి తీసి, డబ్బా తుడిచి ఆరబెట్టి, కొత్తది అడుగున పోసి పాతది పైన వేయండి. పొట్లాలైతే కొత్తది వెనక్కి, పాతది ముందుకి. అలమరలో పరిచే వార్తాపత్రికను నెలకోసారి మార్చండి. అందులో తినేవి మాత్రం చుట్టవద్దు. సిరాలోని రసాయనాలు ఆహారంలో కలుస్తాయని కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2016లోనే హెచ్చరించింది.

ఇక దేన్ని ఎక్కడ పెట్టాలి? దీనికి మనకు తెలిసిన గురువు ఒకరున్నారు. మన పోపులడబ్బా. మా చిత్తూరు వైపు తిరగబాత డబ్బా అంటాం. తమిళంలో దాన్ని అంజరైప్పెట్టి అంటారు. అంజు అంటే ఐదు, అరై అంటే గది. ఐదు గదుల పెట్టె. ఆవాలు, మెంతులు, జీలకర్ర, మినప్పప్పు, మిరియాలు. నూనె కాగి ఆవాలు చిటపటలాడేటప్పుడు వెతుక్కునే సమయం ఉండదు. అందుకే ఒకే పనికి కావలసినవన్నీ ఒకే మూత కింద, చేతికి అందేచోట పెట్టింది ఏ అవ్వో. వంటిల్లంతా ఆ డబ్బాలాగే అమర్చుకోవచ్చు. కాఫీకి కావలసినవన్నీ ఒకచోట. ఇడ్లీ పాత్ర, దాని పళ్ళేలు, గుడ్డ ఒకచోట. పిల్లల క్యారియర్లూ నీళ్ళ సీసాలూ ఒకచోట.

విదేశాల్లోనూ ఇదే ఆలోచన చేసినవారున్నారు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో 1926లో కార్మికుల ఇళ్ళ కోసం మార్గరెటె షూటె లిహోట్‌స్కీ అనే మహిళ ఒక వంటిల్లు రూపొందించారు. ఆవిడ వాస్తుశిల్పి. ఆ వంటిల్లు వెడల్పు సుమారు ఆరడుగులు, పొడవు పదకొండు. మా ఇంటి వంటిల్లు కన్నా రెండడుగులే ఎక్కువ. వంట చేసే మనిషి ఎన్ని అడుగులు వేస్తుందో లెక్కగట్టి, బియ్యానికీ పిండికీ పేర్లు రాసిన చిన్న సొరుగులు అమర్చారు. అలాంటి వంటిళ్ళు ఆ నగరంలో దాదాపు పదివేలు కట్టారు. చోటు చిన్నదైతే పని సాగదన్న మాట నిజం కాదని ఆవిడ చూపించారు.

మీ ఇంట్లో అబ్బాయో అమ్మాయో శ్రీసిటీలోనో, శ్రీపెరుంబుదూరులోనో కర్మాగారంలో పనిచేస్తూ ఉంటే, వాళ్ళను ఐదు ఎస్‌ల పద్ధతి ఏమిటని అడిగి చూడండి. జపాను కర్మాగారాల్లో పుట్టిన పద్ధతి అది. సెయిరి అంటే పనికొచ్చేవీ రానివీ ఏరడం. సెయిటోన్ అంటే ప్రతి వస్తువుకీ ఒక చోటు ఇవ్వడం. సెయిసో అంటే తుడవడం. సెయికెట్సు అంటే ఈ మూడింటికీ ఒక కట్టుబాటు పెట్టుకోవడం. షిట్సుకే అంటే అది అలవాటుగా మారడం. కర్మాగారంలో స్పానరు ఉండే చోట స్పానరు బొమ్మ గీసి ఉంచుతారు. ఖాళీగా కనిపిస్తే ఎవరో తీసుకెళ్ళారని తెలుస్తుంది. మా అబ్బాయి అలాగే అట్లకాడ తగిలించే చోట గోడ మీద అట్లకాడ బొమ్మ గీశాడు. అత్తగారు నవ్వారు కానీ, ఆ రోజు నుంచి అట్లకాడ కోసం ఎవరూ కేకలు వేయలేదు. ఇంకో లాభమేమిటంటే, అన్నీ ఎక్కడున్నాయో ఇంట్లో మగవాళ్ళకూ తెలిసిపోయింది. ఇక "జీలకర్ర ఎక్కడుంది" అనే వంక చెల్లదు.

ఎత్తు విషయంలో ఒక లెక్క ఉంది. నడుం నుంచి భుజం దాకా ఉన్న అరల్లో రోజూ వాడేవి. నడుం కింద బరువైనవి, అంటే బియ్యం డబ్బా, రుబ్బే యంత్రం, ప్రెషర్ కుక్కర్లు. భుజం పైన తేలికైనవి. ఇంట్లో పెద్దవాళ్ళకు అవసరమయ్యే వస్తువు ఏదీ స్టూలు ఎక్కి తీయాల్సిన చోట ఉండకూడదు. అటక మీద పెట్టక తప్పనివి ఒకదానిలో ఒకటి దూర్చకుండా, ఏమేమున్నాయో ఒక చీటీ రాసి అలమర తలుపు లోపల అతికించండి.

పొయ్యి చుట్టూ మూరెడు దూరంలో మసిగుడ్డలు, కాగితాలు, ప్లాస్టిక్ సీసాలు ఉంచవద్దు. గ్యాసు సిలిండరును ఎప్పుడూ నిలువుగానే ఉంచాలి. గ్యాసు గాలి కన్నా బరువు. కారితే కిందనే పేరుకుంటుంది. అందుకని సిలిండరు చుట్టూ సంచులూ బుట్టలూ కుక్కి గాలాడకుండా చేయడం ప్రమాదం. గ్యాసు గొట్టాన్ని ఐదేళ్ళకోసారి మార్చాలి. గడువు దాని మీదే అచ్చువేసి ఉంటుంది. గ్యాసు వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా, కిటికీలు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోను చేయండి. ఈ అర సర్దే రోజున ఆ అంకెను గోడ మీద రాసి పెట్టండి.

బిందెల సంగతికి వద్దాం. మళ్ళీ కరువు రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. మా ఇంట్లో నలుగురం. తాగడానికీ వంటకీ రెండు రోజులకు సరిపడా ఎన్ని బిందెలు కావాలో లెక్కేసుకున్నాం. ఆరు తేలాయి. మూతలున్న, కారని ఆరు బిందెలు ఉంచుకుని, మిగిలిన ఏడింటిని వదులుకున్నాం. లెక్క ముందు వేసుకుంటే భయం తగ్గుతుంది. ఇది బిందెలకే కాదు, దేనికైనా పనికొచ్చే సూత్రం. దీన్ని పారేద్దామా అని అడిగితే మనసు వద్దంటుంది. ఎన్ని కావాలి అని అడిగితే లెక్క చెబుతుంది.

ఇత్తడి, కంచు, రాగి పాత్రలను తొందరపడి తూకానికి వేయకండి. ఇత్తడి గిన్నెకు లోపల కళాయి పోతే పులుసు వండరాదు, అంతే. కళాయి వేయిస్తే మళ్ళీ వాడుకోవచ్చు. తమిళులు ఈయచ్చొంబు అనే తగరపు చెంబులో చారు పెడితే ఆ రుచే వేరు. కానీ తగరం 232 డిగ్రీల వేడికే కరిగిపోతుంది. ఖాళీగా పొయ్యి మీద పెడితే చెంబు మిగలదు. ఇలాంటివి ఇంటికి ఒకటి రెండు ఉంచుకుని వాడండి. మిగిలినవాటిని ముందు అన్నదమ్ములనీ, అక్కచెల్లెళ్ళనీ అడగండి. ఎవరికీ వద్దంటే అప్పుడు తూకం. పేరు చెక్కిన గిన్నెల విషయంలో మా అత్తగారు ఒక ఉపాయం చెప్పారు. ఇచ్చినవారి ఇంట్లో శుభకార్యం వచ్చినప్పుడు ఆ గిన్నె నిండా లడ్డూలు పోసి వాళ్ళకే పంపమన్నారు. "మీ గిన్నె మీ ఇంటికి తీపితో వచ్చింది" అంటే ఎవరు కాదంటారు?

ఇక పని లేనివి ఎక్కడికి పోవాలి? పాతవన్నీ భోగిమంటలో వేయడం మన వైపూ ఉంది, చెన్నైలోనూ ఉంది. కట్టెలూ పిడకలూ ఉన్న కాలంలో అది సరే. ఇప్పుడు ప్లాస్టిక్కు, టైర్లు కాలుస్తున్నారు. 2018 భోగి తెల్లవారుజామున ఆ పొగకు మంచు తోడై, చెన్నైలో దిగాల్సిన విమానాలు దారి మళ్ళాల్సి వచ్చింది. ఆ పొగ మనం పీల్చేదే, మన పసిపిల్లలు పీల్చేదే. ఈ మధ్య సంవత్సరాల్లో భోగికి ముందు చెన్నై నగరపాలక సంస్థ పాత బట్టలు, టైర్లు, ప్లాస్టిక్ తమ పారిశుద్ధ్య సిబ్బందికి ఇవ్వమని అడుగుతోంది. మీ ఊళ్ళో అలాంటి ఏర్పాటు ఉందేమో కనుక్కోండి. లేకపోతే పాతసామాన్లతను ఉండనే ఉన్నాడు. తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు 14 రకాలను నిషేధించారు. 2021 డిసెంబరులో మళ్ళీ పసుపు సంచి పట్టుకుందాం అని ప్రభుత్వమే ఉద్యమం మొదలుపెట్టింది. వెనుకటి పెళ్ళిళ్ళలో తాంబూలంతో ఇచ్చిన ఆ పసుపు గుడ్డసంచులు మీ అటక మీదే ఉండి ఉంటాయి. అవి మాత్రం పారేయకండి.

వంటింట్లోకి ఒక కొత్త వస్తువు వస్తే, దాని చోటు ఏదో చెప్పి లోపలికి తీసుకురావాలి. చోటు చెప్పలేకపోతే అంగడిలోనే ఉంచి రావాలి. ఈ ఒక్క కట్టుబాటు ఉంటే వచ్చే ఏడు నెలగంటకు మీకు సగం పనే ఉంటుంది.

ఆ ఏడాది మా వంటింటి పని భోగికి రెండు రోజుల ముందు ముగిసింది. చివరికి మిగిలింది అత్తగారి పెద్ద గంగాళం. నా ఆదివారం తూకానికి అది చిక్కకపోవడానికి కారణం, ఒక్కదాన్నే దాన్ని దించలేకపోవడం. ఆవిడ దాని అంచు మీద చెయ్యి వేసి కాసేపు ఊరుకున్నారు. తర్వాత, "ఇంక నేను ఎత్తలేను. ఊళ్ళో రామాలయానికి పంపండి. నాలుగు చేతులుంటాయి అక్కడ" అన్నారు. మా ఆయన బస్సులో తీసుకెళ్ళి ఇచ్చి వచ్చారు.

గత ఏడాది మా ఆడపడుచు కూతురికి పాప పుట్టింది. అత్తగారు నన్ను వెంటబెట్టుకుని పాత్రల అంగడికి వెళ్ళారు. గంట సేపు చూసి, ముక్కు సరిగ్గా ఉన్న ఉగ్గుగిన్నె ఒకటి ఎంచారు. పేరు చెక్కమంటారా అని అంగడతను అడిగితే వద్దన్నారు. పాపను తీసుకుని వాళ్ళు వచ్చేదాకా అది మా ఇంట్లోనే ఉంది. ఈసారి ఆవిడ దాన్ని గుడ్డలో చుట్టలేదు, తపేలాలో దాచలేదు. పోపులడబ్బా పక్కన, రెండో అరలో, తన చేతికీ నా చేతికీ అందేచోట పెట్టారు.

రేపు మీరు తెరిచే మొదటి అర చిన్నదే ఎంచుకోండి. పక్కన పెద్దవాళ్ళకు ఒక కుర్చీ వేయడం మరిచిపోకండి.